ఎత్తి నిలిపిన మడక కింద

మొన్న మా పక్క చేలో ఒక కుర్రవాడు కొత్త ట్రాక్టరు ఆపి, వెనక ఎత్తి పెట్టిన గొర్రు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. ఏ నట్టు బిగించడానికో. ఇంజను ఆడుతూనే ఉంది. గట్టు మీద నడిచిపోతున్న నా నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. ఏమని అరిచానో నాకే తెలియదు. వాడు ఉలిక్కిపడి బయటికి వచ్చి, "ఏమైనాది అవ్వా, పామా?" అన్నాడు. పాము కాదన్నాను. గట్టు మీద అక్కడే కూర్చుండిపోయాను. ఆ కూర్చున్నంతసేపూ నా కళ్ళ ముందు మేస్త్రి ఉన్నాడు.

మా ట్రాక్టరు బాగుచేయడానికి వచ్చే ఆయనను మా ఊళ్లో పిరికి మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు ఒకటి ఉండేది, ఏసుప్రభువు శిష్యులలో ఒకరిది. దాన్ని ఇక్కడ రాయను. ఉంటే ఆయనే వద్దనేవాడు. "పేరెందుకమ్మా, ఎవురికన్నా కోపమొస్తే ఎట్ల?" అని అటూ ఇటూ చూసేవాడు.

నేను కంబదూరు దగ్గరి ఆ పల్లెకు కోడలిగా వచ్చిన తర్వాత కొన్నాళ్ళకు మా ఆయన ట్రాక్టరు తెచ్చాడు. చుట్టుపక్కల అదే మొదటిది. కొత్తది కాదు. బళ్ళారి వైపు ఎవరో వాడి వాడి వదిలించుకున్న బండి. రంగు పెచ్చులూడిపోయి, ఎక్కడ ముట్టుకున్నా చేతికి నల్లటి జిడ్డు అంటేది. దాని వెనక రెండు ఇనప చేతులు. వాటికి గుండ్రటి ఇనప డిస్కులున్న నాగలి, మేము మడక అనేది, తగిలించేవారు. సీటు పక్కనున్న మీటను పైకి లాగితే, బండి కడుపులోని నూనె ఒత్తిడికి ఆ చేతులు లేచి, నలుగురు మగవాళ్ళు కదపలేని మడకను నేల మీది నుంచి ఎత్తి పట్టుకునేవి. ఎత్తడం బాగానే ఎత్తేవి. పట్టుకోవడమే వాటికి చేతనయ్యేది కాదు. లోపల ఎక్కడో నూనె జారిపోయేది. బయట కూడా కీలు కీలుకూ కారి, బండి నిలిపిన చోట నేల నల్లగా తడిసి ఉండేది.

పొద్దున ఎత్తి పెట్టిన మడక మధ్యాహ్నానికి నేల మీద ఉండేది. దిగేటప్పుడు చప్పుడు చేసేది కాదు. కూర్చుని చూస్తే కదిలినట్టే కనపడేది కాదు. చాటెడు గింజలు చెరిగి తల ఎత్తేసరికి జానెడు దిగి ఉండేది. ఒకరోజు మా కోడిపెట్ట పిల్లలను వెంటబెట్టుకుని ఆ నీడకు చేరింది. నేను వంటింట్లో పని ముగించుకుని వచ్చేసరికి పెట్ట మడక చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. డిస్కు అంచు కింద ఒక పిల్ల ఉంది. కూత పెట్టే తీరిక కూడా దానికి దొరికినట్టు లేదు.

మా పాప అప్పుడే నడక నేర్చింది. ఆ రోజు నుంచి పాపను పాత చీరతో వసారా స్తంభానికి కట్టి పని చేసుకునేదాన్ని. మా అత్త నవ్వేది. "దూడను కట్టినట్టు కట్టినావేమే!" మా ఆయన విసుక్కునేవాడు. "బండిని చూసి బెదిరేవి ఎద్దులు. నీకేమొచ్చినాది?"

మేస్త్రి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ట్రాక్టరు కంటే ముందు చూసింది పాపను.

"ఎవురు కట్టినారు?" అన్నాడు.

"నేనే," అన్నాను తలుపు చాటు నుంచి. ఈయన కూడా నవ్వుతాడనుకున్నాను.

ఆయన వంగి ముడిని లాగి చూశాడు. "ఇంకొక ముడి వెయ్యమ్మా," అన్నాడు.

ఆ ఊళ్లో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే అనిపించింది నాకు.

మనిషిని చూస్తే పిరికివాడని ఎవరూ అనుకోరు. పెద్ద ఒళ్ళు, గుబురు మీసాలు, గుమ్మానికి తల తగిలేంత ఎత్తు. ఒడిసిపట్టుకుంటే కోడెను పడగొట్టేటట్టు ఉండేవాడు. అయితే కుక్క మొరిగితే నా వెనక్కి వచ్చేవాడు. బావి గట్టు మీద నడిచేవాడు కాదు. మా అత్త గట్టిగా దగ్గితే చేతిలోని పానా జారవిడిచేవాడు. కళ్యాణదుర్గం నుంచి బస్సులో వచ్చేటప్పుడు తలుపు పక్క సీటు దొరికితేనే ఎక్కేవాడట, లేకపోతే మరుసటి బస్సు దాకా నిలబడేవాడట. "దిగేదానికి దారి కనపడల్ల గదమ్మా" అనేవాడు.

పని మొదలుపెట్టే ముందు మడమతో నేల మీద గీత గీసేవాడు, ట్రాక్టరు వెనక చుట్టూ. "ఈ గీత దాటి ఎవురూ రావాకండి." మా ఆయన వచ్చినా సరే అరిచేవాడు. అరిచి, అరిచినందుకు భయపడి, "తప్పుగా అనుకోవాకు సామీ" అనేవాడు. మడకను నేలకు దించకుండా ఒక్క మరను కూడా ముట్టుకునేవాడు కాదు. కారిన నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, ఎండలో పట్టి చూసి, తల అడ్డంగా ఊపేవాడు. ఎవరైనా తొందర పెడితే రెండు చేతులూ చాపేవాడు. "ట్రాక్టరు మేస్త్రీల్లో పది వేళ్ళూ ఉండేవాన్ని ఇంకొకన్ని చూపించు సామీ. అప్పుడు తొందరగా చేస్తా."

మా అత్త ఆయనకు వసారా చివర వేరే పళ్ళెంలో అన్నం పెట్టించేది. ఆయన దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. వీపు గోడకు ఆనించి, బండి కనపడేటట్టు కూర్చుని తినేవాడు. ముద్ద ముద్దకూ దాని వైపు చూసేవాడు.

ఇంత భయం ఎందుకని ఊళ్లో రకరకాలుగా చెప్పుకునేవారు. యుద్ధంలో పనిచేసినాడన్నారు. తమ్ముడు లారీ కింద పడి పోయినాడన్నారు. ఒకనాడు నేనే అడిగాను, "ఏమన్నా చూసినావా మేస్త్రీ? ఏం జరిగినాది?" అని.

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "ఏమీ జరగలేదమ్మా," అన్నాడు. "జరిగినాక భయపడి ఏం లాభం? అంతకు ముందే భయపడల్ల."

ఆ సంవత్సరం ఎండాకాలంలో ఆయన ట్రాక్టరు సీటు పీకి, దాని కింది మూత విప్పి, లోపలి పిస్టన్‌ను బయటికి తీశాడు. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు అరిగి దారపు పోగులా అయింది. మడక దిగిపోవడం దానివల్లేనన్నాడు. కొత్తది మద్రాసు నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. మా ఆయన ఆకాశం వైపు చూసి, "ఈ లోపల వాన పడితే?" అన్నాడు. అంతకు ముందు రెండేళ్ళు వాన ముఖం చూడలేదు. అప్పుడు మేస్త్రి తోలు తెప్పించి, నూనెలో నానబెట్టి, ఉలితో కోసి రింగు చేశాడు. బయటికి కారే చోట్ల దళసరి అట్టతో ప్యాకింగు వేశాడు. అన్నీ బిగించి మీట లాగితే మడక లేచింది. సాయంత్రం దాకా దిగలేదు. మా ఆయన మేస్త్రి వీపు చరిచాడు. మేస్త్రి ముఖంలో సంతోషం లేదు.

"ఇది ఎత్తుతాది సామీ. దీన్ని నమ్మాకు," అన్నాడు. రెండు తుమ్మ దిమ్మెలు కోసి తెచ్చాడు. "ఎత్తినాక ఇవి కింద పెట్టకుండా చెయ్యి కూడా పెట్టాకు."

మృగశిర కార్తెలో వాన వచ్చింది. రాత్రంతా కురిసింది. పొద్దున ఊరంతా చేలల్లోనే ఉంది. పదును ఆరేలోపు దున్ని విత్తనం వేయాలి, మళ్ళీ వాన వస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. మా ఆయన మేస్త్రిని పొలం దగ్గరే ఉండమన్నాడు, నూనె తగ్గితే పోయడానికి. నేను మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి తీసుకుని పోయాను. పాప అత్త దగ్గర ఉంది. మా సేద్యగాడు ఓబులేసు, ఇంకో ఇద్దరు మనుషులు అవతలి మడిలో రాళ్ళు ఏరుతున్నారు. మేస్త్రి ట్రాక్టరుకు చాలా దూరంగా, నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నన్ను చూసి మా ఆయన బండి ఆపాడు. డిస్కుల మధ్య ఒక రాయి ఇరుక్కుని ఉంది. మీట లాగి మడకను ఎత్తి, ఇంజను ఆపకుండానే దిగి, రాయిని కాలితో తన్నాడు. రాలేదు. పక్కకు పడుకుని, ఒక కాలు మడక కిందికి చాపి, రెండు చేతులతో రాయిని పట్టుకుని ఊపసాగాడు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "సామీ, దిమ్మె! దిమ్మె పెట్టు!"

"ఇంటి కాడ ఉండాయిలే. అయిపోయినాది, ఒక్క..."

ఆ మాట పూర్తి కాలేదు. బండి లోపల చిన్న గుడ్డ చినిగినట్టు ఒక చప్పుడు. మడక ఈసారి మెల్లగా దిగలేదు. ఒక్కసారిగా పడింది.

మా ఆయన అరుపు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఆ గొంతు మనిషిది అనిపించలేదు. సంగటి తట్ట ఎక్కడ పడేశానో తెలియదు. పరుగెత్తి వెళ్ళేసరికి మడక ఇనుము ఆయన తొడ మీద, తుంటి మీద పడి ఉంది. డిస్కు అంచు పంచెను కోసుకుని లోపలికి దిగింది. బురదలో నెత్తురు. ఓబులేసు పరుగెత్తుకొచ్చి, ట్రాక్టరెక్కి మీట మీద చెయ్యి వేశాడు.

"ముట్టాకు!" అని అరిచాడు మేస్త్రి. ఆయన ఇంకా దూరంగానే ఉన్నాడు. కాళ్ళు ముందుకు పడడం లేదు. "ముట్టాకప్పా! రింగు పోయినాది. రవ్వంత లేచి మళ్ళా పడతాది. రెండోసారి పడితే కాలు తెగుతాది. ఇంజను ఆపు!"

ఓబులేసు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో మా ఆయన మూలుగు, ఎక్కడో తీతువు కూత తప్ప ఏమీ లేదు. నేను మేస్త్రి వైపు చూశాను. ఆ పెద్ద మనిషి చలి జ్వరం వచ్చినట్టు వణుకుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమో. ఈయన రాడు, పారిపోతాడు అనుకున్నాను.

ఆయన వచ్చాడు. వణుకుతూనే వచ్చాడు. "గడ్డపారలు తెండి. రాళ్ళు తెండి, పలకగా ఉండేవి." ఓబులేసు, ఆ ఇద్దరు మనుషులు గడ్డపారలు మడక చట్రం కిందికి దూర్చి భుజాలతో ఎత్తారు. అది నాలుగు వేళ్ళంత లేచింది. రాయి పెట్టాలంటే ఎవరో లోపలికి దూరాలి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గడ్డపార ఒక్కటి జారినా లోపలున్నవాడి తల పోతుంది.

మేస్త్రి నేల మీద బోర్లా పడుకుని, తల ముందు పెట్టి, మడక కిందికి పాకాడు.

ఒక రాయి అందిస్తే ఒక రాయి పెట్టాడు. చేతుల వణుకుకు రాయి ఇనుముకు తగిలి టకటకమని చప్పుడు వచ్చేది. "ఎత్తండి... ఇంకొంచెం... ఆగండి... ప్రభువా... ఎత్తండి." అంతసేపూ ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తూ కొలిచినట్టు రాయి మీద రాయి పేర్చాడు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి "లాగండి!" అన్నాడు. ఒకడు మా ఆయన చంకల్లో చేతులు వేసి బయటికి లాగాడు. కాలు తిరగరాని వైపు తిరిగి ఉంది. ప్రాణం ఉంది.

విత్తనాలు తెచ్చిన ఎద్దుల బండి గట్టు మీదే ఉంది. ముగ్గురూ కలిసి మా ఆయనను మోసుకుపోయి అందులో పడుకోబెట్టారు. "రామ్మా, బిరీన రా!" అని ఓబులేసు కేకేశాడు. నేను రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను.

మేస్త్రి బయటికి రాలేదు.

నడుము దాకా మడక కిందే ఉన్నాడు. దెబ్బేమీ తగల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కదలడం లేదు. ఆయన పేర్చిన రాళ్ళు రాత్రి వాన నానిన నేలలో దిగబడుతున్నాయి. చూస్తే తెలియడం లేదు. కానీ నాకు తెలుసు. చాటలో గింజలు చెరుగుతూ ఎన్ని రోజులు చూశాను ఆ దిగడాన్ని!

బండి మీద మొగుడు నెత్తురోడుతున్నాడు. ఇక్కడ ఈయన. ఎవరు చెప్పారో, ఏమనుకున్నానో, మోకాళ్ళ మీద కూలబడి మడక కిందికి తల దూర్చాను. అంత దగ్గరగా ఆ ఇనుమును ఎప్పుడూ చూడలేదు. నూనె, మట్టి, నెత్తురు కలిసిన వాసన.

"లే మేస్త్రీ. బయటికి రా."

"కాళ్ళు రావడంలేదమ్మా." గొంతు చిన్నపిల్లవాడిలా ఉంది. "నావి కానట్టుండాయి. నువ్వు పో. నీ మొగుని కాడికి పో."

"నువ్వొస్తే పోతా."

"పోమ్మా! పడతాది!"

"పడతాదని నాకూ తెలుసు. నాకూ భయమైతాంది. బిరీన రా అన్నా."

'అన్నా' అనే మాట నోటికి ఎలా వచ్చిందో. మా ఇంట్లో ఎవరూ ఆయనను అట్లా పిలవలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. నూనె జిడ్డుకు జారిపోతే కొంగు చుట్టి మళ్ళీ పట్టుకుని లాగాను. అంత పెద్ద మనిషిని నేనేం లాగగలను! కానీ ఒక మోచెయ్యి కదిలింది, తర్వాత భుజం. పాక్కుంటూ వచ్చాడు. ఇద్దరం బురదలో దొర్లి పక్కకు పడ్డాం. మడక అప్పుడే పడలేదు. మేము లేచి, నాలుగడుగులు దూరం పోయి, వెనక్కి తిరిగి చూస్తుండగా, ఒక రాయి పక్కకు ఒరిగింది. మడక నేలను కరిచింది. మేస్త్రి అది చూసి అక్కడే వాంతి చేసుకున్నాడు.

మా ఆయన అనంతపురం ఆసుపత్రిలో చాలా కాలం ఉన్నాడు. కాలు తీయలేదు గానీ వంకర నిలిచిపోయింది. ఊళ్లో మాటలు పడాల్సినవి నేను పడ్డాను. మొగున్ని బండి మీద వదిలేసి మేస్త్రి చెయ్యి పట్టుకున్నదని మా అత్త వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మా ఆయన మాత్రం ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి, "ఆ తోలు రింగు పెట్టినోడు వాడేగదా" అనేవాడు. నమ్మవద్దని చెప్పినవాడూ ఆయనే గదా అని నేను అనలేదు. మేస్త్రి ఆసుపత్రికి వచ్చేవాడు. లోపలికి రాకుండా వరండాలో స్తంభం పక్కన నిలబడి, నేను బయటికి వచ్చినప్పుడు "అన్నం తింటాండాడా?" అని అడిగి పోయేవాడు.

మద్రాసు రింగు వచ్చింది. ఎవరూ పిలవకుండానే వచ్చి ఆయన దాన్ని వేశాడు. మడక ఎత్తి, కింద దిమ్మెలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూస్తున్నాడు. మా ఆయన కర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

"దీన్ని నడపల్లంటే నాకు చేతకావడంలేదప్పా," అన్నాడు మా ఆయన. "సీటు మీద చెయ్యి వేస్తే చెమట పడతాంది. నువ్వు ఇన్నేండ్లు ఇంత భయంతో ఎట్ల పనిచేసినావు?"

ఎగతాళేమోనని మేస్త్రి ఆయన ముఖంలోకి చూశాడు. కాదని తెలిశాక చెప్పాడు. "పొద్దున లేస్తానే భయపడతా సామీ. తర్వాత పనికి పోతా."

మా ఆయన నవ్వాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ స్తంభాన్ని పట్టుకుని ఏడ్చాడు. మేస్త్రికి ఏం చేయాలో తోచక గుడ్డ తీసి, తుడిచిన పానానే మళ్ళీ తుడవసాగాడు.

తర్వాత కొన్నేళ్ళకు ఆయనకు గొంతులో పుండు లేచింది. అనంతపురంలో ఉన్నాడని తెలిసి ఇద్దరం చూడబోయాం. ఒళ్ళంతా కరిగిపోయి మీసాలు మాత్రం మిగిలాయి. మంచం చుట్టూ చుట్టాలు. "నీకేమీ కాదు మామా", "ధైర్యంగా ఉండు", "ప్రభువు ఉండాడు" అంటున్నారు. ప్రతి మాటకూ ఆయన బుద్ధిగా తలూపుతున్నాడు. కళ్ళు మాత్రం తలుపు మీద ఉన్నాయి.

నేను పక్కన కూర్చున్నాను. మాట రావడం కష్టంగా ఉంది. నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా, "భయమైతాందమ్మా," అన్నాడు.

ధైర్యం చెప్పడానికి నోరు తెరిచాను.

"నాకూ అయితాందన్నా," అన్నాను.

ఆయన ముఖంలో బిగువు కొంచెం సడలింది. కళ్ళు తలుపు మీది నుంచి తీశాడు. మా ఆయన వంకర కాలు ఈడ్చుకుంటూ వచ్చి, మంచం చివర కూర్చుని, దుప్పటి మీద నుంచే ఆయన పాదాల మీద చెయ్యి వేశాడు. చుట్టాలు ఒక్కొక్కరే బయటికి పోయారు. ఆయన కూతురు గంజి తీసుకుని వచ్చేదాకా మేము ముగ్గురం అట్లాగే కూర్చున్నాం.